ఎవరి చేతివీ కాని అక్షరాలు

ఫిబ్రవరి 9

ఒరేయ్ నట్టూ,

అక్షరాలన్నీ బోడిగుండ్లతో వచ్చాయని నవ్వకు. ఈ ఉత్తరం కావాలనే మీ బావ ప్రింటరు మిషను మీద తీస్తున్నాను. నోటితో చెబితే ‘అక్కకి అన్నీ అనుమానాలే’ అంటావు. కళ్లతో చూస్తే నీకే తెలుస్తుంది. వారం నుంచి ఒక్క అక్షరానికీ తలకట్టు పడటం లేదు. కింద ఒత్తులూ, కొమ్ములూ అన్నీ శుభ్రంగా ఉన్నాయి. పైన మాత్రం ఎవరో కత్తెరతో గొరిగినట్టుంది.

ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. చేస్తే నువ్వు ‘ఊఁ, ఊఁ’ అంటూ అవతల ఏదో స్క్రూ విప్పుతుంటావు. కుట్టుమిషను నట్టు మింగి ఇంటిల్లిపాదినీ ఏడిపించినవాడివి, ఇంత వయసొచ్చినా ఆ బుద్ధి పోలేదు. ఉత్తరమైతే కనీసం చేతులు ఖాళీ చేసుకుని చదువుతావు.

సంగతేమిటంటే, నిన్న మందుల షాపాయన వచ్చి చీటీల కట్ట నా బల్ల మీద పెట్టాడు. "పొద్దున తిన్నాక ఒకటి, పడుకునేముందు ఒకటి" అని సీసాల మీద అంటించడానికి నేను కొట్టిచ్చే చీటీలు, నీకు తెలుసుగా. "అమ్మా, మీ అక్షరాలు చూసే మా పెద్దవాళ్లు మాత్రలు వేసుకుంటారు. ఇప్పుడు చీటీ పట్టుకొచ్చి నన్నే చదవమంటున్నారు. కొత్త ప్రింటర్లు అన్నీ బాగానే తీస్తున్నాయట కదా, ఒకటి తెచ్చుకోరాదూ?" అన్నాడు. మంచాయనే, కోపంగా అనలేదు. కానీ ఆ మాట విన్నప్పటి నుంచీ నాకు ముద్ద దిగడం లేదు.

నాకు కొత్తది వద్దురా. మీ బావ పోయాక ఈ ముందుగదిలో ఆయన గొంతులా మిగిలింది ఈ మిషను ఒక్కటే. పొద్దున స్విచ్ వేసి అది కిర్రుమంటే ఇంట్లో ఇంకో మనిషి లేచినట్టుంటుంది.

ప్రింటర్ల పిచ్చి పట్టిన తమ్ముడున్నందుకు ఇన్నాళ్లకి ఒక ఉపయోగం కలిగింది. వచ్చి చూడు. ఉంటుందంటే ఉంటుందని చెప్పు, పోతుందంటే పోతుందని చెప్పు. నసుగుడు వద్దు. నువ్వేం చెబితే అదే.

మరదలిని అడిగానని చెప్పు.

నీ అక్క

* * *

ఫిబ్రవరి 21

అక్కా,

నీ బోడి ఉత్తరం అందింది. నీ మరదలు తీసుకుని అటు తిప్పి, ఇటు తిప్పి, "వదిన ఏ భాషలో రాసింది?" అంది. నవ్వుకున్నాం. తర్వాత నేను ఒక్కడినే కూర్చుని భూతద్దం పెట్టి చూశాను. ఆ మిషను తల్లో నిలువుగా తొమ్మిది సూదులుంటాయి. అవి రిబ్బను మీద పొడిస్తేనే చుక్కలు, చుక్కలు కలిస్తేనే అక్షరం. పైసూది పని చెయ్యడం లేదు. ఇరుక్కుందో, విరిగిందో, దానికి కరెంటు రావడం లేదో చూస్తేగానీ చెప్పలేను.

నేను వచ్చేలోపు నువ్వు కొన్ని చూసి రాయాలి. పాత ప్రింటర్ని చూడటానికి ఒక పద్ధతుంది. అందరూ ముందు స్విచ్ వేస్తారు. అది ఆఖరి పని. ముందు ముక్కు పెట్టి వాసన చూడు. కాలిన కంపు వస్తే లోపలి బోర్డు పోయినట్టు. తర్వాత నల్ల రోలరు మీద బొటనవేలి గోరు నొక్కు. గోరు దిగి మళ్లీ పొంగితే రబ్బరు బతికున్నట్టు. రాయిలా తగిలితే కాగితం జారుతుంది. చిల్లుల కాగితాన్ని లాగే పళ్లు విరిగాయేమో చూడు. వెనకాల చిన్న తెల్ల స్విచ్చుల వరస ఉంటుంది. ఏది పైకుందో, ఏది కిందికుందో ముందు రాసుకుని, ఆ తర్వాతే వేలు పెట్టు. అది రాసుకోకుండా చెయ్యి పెట్టేవాడు ప్రింటర్ల మనిషే కాదు. ఈ మాట మా పాత ప్రింటర్ల సంఘంలో కొత్తగా చేరినవాళ్లకి మొదటిరోజే చెబుతాను.

ఇంకో సంగతి. వాడుకునేవాడి చూపు వేరు, దాచుకునేవాడి చూపు వేరు. వాడుకునేవాడికి కేబులు కుదరాలి, కంప్యూటరు దాని మాట వినాలి, రిబ్బను బజార్లో దొరకాలి. దాచుకునేవాడికి లోపల ఎవరూ చెయ్యి పెట్టి ఉండకూడదు. బావ మిషనుతో తమాషా ఏమిటంటే, ఆయన లోపల చెయ్యి పెట్టడమే దాని గొప్ప. ఫ్యాక్టరీ చిప్పు పీకేసి, మన అక్షరాలు చుక్క చుక్కగా తానే గీసి ఎక్కించిన చిప్పు పెట్టిన మనిషిని నేను ఇంకొకణ్ణి చూడలేదు.

ఇక్కడ పాత యంత్రాల ప్రదర్శనశాల ఒకటి తెరుస్తున్నారు. ప్రింటర్ల గది ఎవరికివ్వాలని ఆలోచిస్తున్నారు. నా దగ్గరున్నవి ఇంకో పదిమంది దగ్గరా ఉన్నాయట! లెక్కలు రాసే ఉద్యోగం చేసుకుంటూ, సగం జీతం, మొత్తం అటకా, నీ మరదలి వంటింట్లో సగం వీటికే ధారపోశాను. అయినా ‘ప్రత్యేకంగా ఏముంది’ అని అడుగుతారు. ఒళ్లు మండిపోయింది.

నెలాఖరు దాటాక సెలవు పెట్టి వస్తాను. అప్పటిదాకా ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వకు.

నీ నట్టు

* * *

మార్చి 4

ఒరేయ్,

పరీక్షలన్నీ చేశాను, డాక్టరుగారూ. వాసన చూశాను, పాత సిరా వాసన, ఇంకేం లేదు. గోరు నొక్కితే దిగి పొంగింది. పళ్లన్నీ ఉన్నాయి, నా పళ్లకన్నా నయం. తెల్ల స్విచ్చులు ఎలా ఉన్నాయో నాకు కంఠతా వచ్చు, రాసుకునే పనేముంది? రోజూ తుడిచేది నేనేగా. ఆ స్విచ్చులు కదిలితే రెండు బొత్తాలు పట్టుకుని కరెంటు వేసి మన అక్షరాలు మళ్లీ రప్పించే తంతు కూడా మీ బావ నాకే నేర్పారు.

చిప్పు సంగతి రాశావు చూడు, అది చదివి పొయ్యి మీద పాలు మర్చిపోయాను. నువ్వప్పుడు కాలేజీలో ఉన్నావు, నీకేం తెలుసు. మీ బావ రోజంతా ముందుగదిలో పక్కవాళ్ల టైపుమిషన్లు బాగుచేసి, రాత్రి భోజనాల బల్ల మీద గళ్ల కాగితాలు పరిచేవారు. తొమ్మిది గళ్ల ఎత్తులో మన అక్షరం ఇమడాలి. తలకట్టు పెడితే ఒత్తుకి చోటుండదు, ఒత్తు పెడితే తలకట్టు ఎగిరిపోతుంది. "ఈ భాష గుండ్రంగా పుట్టి నా ప్రాణం తీస్తోంది" అని తిట్టుకునేవారు. నేను గళ్లు నల్లగా దిద్దేదాన్ని. దూరంగా గోడకి అంటించి, కళ్లు చికిలించి, "ఇది ‘మ’ లా లేదు, ‘య’ లా ఉంది" అని నేనంటే, చింపేసి మళ్లీ గీసేవారు. ముక్కు మీద కోపమున్న మనిషి, నా మీద ఒక్కరోజు కూడా ఆ గళ్ల దగ్గర విసుక్కోలేదు.

ఆయన అల్లరి కూడా ఒకటి ఆ చిప్పులో ఉందిలే. నీకు చెప్పను.

త్వరగా రా. మందుల షాపాయన మొహమాటపడి ఆగాడు, ఎన్నాళ్లో ఆగడు.

అక్క

* * *

మార్చి 27

అక్కా,

క్షేమంగా చేరాను. దారి పొడుగునా నీ మొహమే కళ్లముందుంది. నీ ముందుగదిలో నిలబడి చెప్పింది మళ్లీ రాస్తున్నాను, ఎందుకంటే నువ్వు మనసులో ఇంకా ఏదో ఆశ పెట్టుకుని ఉంటావని తెలుసు.

అయిపోయిందక్కా. సూది ఒక్కటే అయితే నా చేత్తో సరిచేసేవాణ్ణి. తల మొత్తం పోయింది, దాన్ని నడిపే బోర్డు కూడా పోయింది. వేరే మిషను తల తెచ్చి పెడదామంటే బావ చేసిన మార్పుల వల్ల దేనికీ కుదరదు. ఇక్కడికి తెచ్చాక కూడా విప్పి చూశాను, నీ ఆశ పోగొట్టకూడదని. లాభం లేదు.

నీ కళ్లముందు పాతసామాన్ల బండి ఎక్కడం ఇష్టంలేకే నాతో తీసుకొచ్చాను. ఇక్కడ తెలిసిన చోట మర్యాదగా అప్పగించేశాను. ఎక్కడ, ఏమిటి అని అడక్కు, బాధపడతావు.

నేను పంపిన కొత్త ప్రింటరు ఈపాటికి చేరి ఉంటుంది. కేబులు పెట్టి స్విచ్ వెయ్యడమే. అక్షరాలు బ్రహ్మాండంగా వస్తాయి. చప్పుడు కూడా ఉండదు.

ధైర్యంగా ఉండు. నేనున్నానుగా.

నీ తమ్ముడు

* * *

ఏప్రిల్ 12

నాయనా నట్టూ,

చాలా రోజుల తర్వాత చేత్తో రాస్తున్నాను. వేళ్లు మొరాయిస్తున్నాయి, సర్దుకుని చదువు.

కొత్త ప్రింటరు వచ్చింది. నిజంగానే చప్పుడు లేదు. కాగితం లోపలికి వెళ్లి దొంగలా బయటికొస్తుంది. మందుల షాపాయన చీటీలు చూసి "ఇదీ, ఇదీ కావలసింది" అని సంబరపడ్డాడు. నునుపుగా, ముద్దుగా ఉన్నాయి అక్షరాలు. ఎవరి చేతివీ కావు, అంతే. ఎవర్ని ఏమనగలను? పని నిలబడింది, అది నీ వల్లే. నీ మేలు మర్చిపోను.

నువ్వు మిషను భుజానికెత్తుకుని మెట్లు దిగుతుంటే నేను వంటింట్లోకి వెళ్లిపోయాను, చూశావుగా. ఏడవలేదు. మీ బావ పోయినరోజు ఆసుపత్రి వరండాలో కూడా డాక్టరు చెప్పకముందే నువ్వొచ్చి నా చెయ్యి పట్టుకుని ‘అయిపోయిందక్కా’ అని ఇదే మాట అన్నావు. అప్పుడూ నిన్ను ఒక్క ప్రశ్న వెయ్యలేదు. కష్టం వచ్చినప్పుడు నువ్వు చెబితే నమ్మడం నాకు అలవాటైపోయిందిరా. ఇంకెవరు చెప్పినా గోలచేసేదాన్నేమో.

ఒక్కటి అడుగుతాను, కాదనకు. మిషను పోతే పోయింది. ఆ నల్ల చిప్పు, వేలెడంత ఉంటుంది చూడు, అది ఒక్కటీ అగ్గిపెట్టెలో పెట్టి పంపించు. పని చెయ్యకపోయినా సరే. మీ బావ కళ్లజోడు పక్కన పెట్టుకుంటాను.

మరదలు కొండచీపురు పంపమంది, పార్సిలు పంపాను, అందిందా?

అక్క

* * *

మే 6

అక్కా,

పార్సిలు అందింది, నీ మరదలు సంతోషించింది. నా పాత ప్రింటర్లనే ముందు ఊడుస్తానని బెదిరిస్తోంది.

ఆలస్యానికి తిట్టకు. చిప్పు సంగతి ఎలా రాయాలో తెలియక రెండుసార్లు మొదలుపెట్టి చింపేశాను. బోర్డుతోపాటు అదీ మాడిపోయిందక్కా. అప్పుడే చెబితే నువ్వు తట్టుకోలేవని ఆగాను. మనసు కష్టపెట్టుకోకు.

ఒక మంచి వార్త. ప్రదర్శనశాలలో ప్రింటర్ల గది నాకే ఇచ్చారు! గోడలకి ఏ రంగు వెయ్యాలో కూడా నన్నే అడుగుతున్నారు. ఇన్నేళ్లూ ‘చెత్త పోగుచేసేవాడు’ అన్న నోళ్లన్నీ మూతపడ్డాయి. వచ్చేనెల ఆఖర్లో తెరుస్తారు. తాళాలగుత్తి జేబులో వేసుకుని తిరుగుతుంటే ఆ బరువే వేరు. మామూలు ఇనప తాళాలే అనుకో, నాకు మాత్రం పతకం వేసినట్టుంది.

అన్నట్టు, బావ నాకు ఎప్పుడో ఇచ్చిన పాత నమూనా కాగితాలు తిరగేస్తుంటే అక్షరాలన్నీ అయిపోయాక చివర ఒక బొమ్మ కనిపించింది. కింద పెద్ద గుండ్రం, దాని మీద చిన్న గుండ్రం, అటూ ఇటూ రెండు చుక్కలు. ఎంత చూసినా పేడపురుగులా ఉందిగానీ అక్షరంలా లేదు. అదేమిటో నీకేమైనా తెలుసా? ఊరికే, తెలుసుకుందామని.

నీ నట్టు

* * *

మే 19

తమ్ముడూ,

ఏ కాగితం?

రంగేమిటి, ఎంత పొడుగు, మీ బావ నీ చేతికి ఎప్పుడిచ్చారు? రాయి, వింటాను. ఎందుకంటే ఆ బొమ్మ ఏ కాగితం మీదా లేదు. గళ్ల కాగితం మీద ఆయన గీసి, నేను చూసి, నా ఎదుటే పొయ్యిలో వేశారు. చిప్పులోకి తప్ప ఎక్కడికీ ఎక్కలేదు. చివరి మీట నొక్కితేనే వస్తుంది. నేను ఎప్పుడైనా ఒంటరిగా ఉన్నప్పుడు నొక్కుకుని, చూసుకుని, ఆ కాగితం కూడా పొయ్యిలోనే వేసేదాన్ని. మాడిపోయిన చిప్పులోంచి పేడపురుగు నీ కంటికెలా కనిపించిందిరా?

నిన్న మన రిబ్బన్లాయన వచ్చాడు. పాత గుడ్డ రిబ్బన్లకి మళ్లీ సిరా పట్టించి ఇస్తాడు చూడు, ఆ తాతయ్య. ఇక నాకు రిబ్బన్లు అక్కర్లేదని చెప్పబోయాను. నోరు తెరవనిస్తేగా! "మీ తమ్ముడు ఒక పెట్టె రిబ్బన్లు తెప్పించుకున్నాడమ్మా, అయ్యగారి మిషను చక్కగా పలుకుతోందట, తలకట్లు కూడా పడుతున్నాయట, చాలా సంతోషం" అని మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు. గ్లాసు ఇంకా కడగలేదు నేను. దాని వంక చూస్తూ కూర్చున్నాను.

నాకు అన్నీ అర్థమవుతున్నాయి. నేను గోరు నొక్కి చూసింది, వాసన చూసింది, నా కోసం అనుకున్నాను. అంగట్లో గేదెని కొనేముందు పళ్లు చూసినట్టు నువ్వు నా చేతులతోనే పరీక్ష చేయించుకున్నావు. నేను నా మొగుడి ముచ్చట్లు చెప్పుకుంటుంటే నువ్వు బేరం చూసుకున్నావు. అడిగితే ఇచ్చేదాన్నేమోరా! ‘అక్కా, నాకు కావాలి’ అని ఒక్కసారి నోరు తెరిచి అడిగావా? ఏడ్చి, తిట్టి, చివరికి ఇచ్చేదాన్నేమో. చచ్చిపోయిందని చెప్పి ఎత్తుకుపోతావా?

ఆ బొమ్మ ఏమిటని అడిగావుగా. పేడపురుగు కాదు. నేను. ముందు బల్ల దగ్గర నేను టైపు చేసుకుంటుంటే ఆయన వెనక బల్ల దగ్గర మిషన్లు విప్పుకునేవారు. "రోజంతా నాకు కనిపించేది నీ కొప్పేగా" అని గీశారు. కింది గుండ్రం నా తల, పై గుండ్రం కొప్పు, ఆ రెండు చుక్కలు చెవి పోగులు.

అది ఇప్పుడు ఎంతమంది చూశారు?

అక్క

* * *

జూన్ 2

అక్కా, అక్కా,

నీ కాళ్లు పట్టుకుంటాను, ఈ ఉత్తరం చివరిదాకా చదువు.

నిజమే. తల పోలేదు, బోర్డూ పోలేదు. పైసూది ఎండిన సిరాతో బిగుసుకుపోయింది. స్పిరిట్లో దూది ముంచి తుడిస్తే వదిలింది. నీ ఇంట్లోనే, నువ్వు టీ పెట్టడానికి వెళ్లినప్పుడే తెలిసిపోయింది. నువ్వు గ్లాసు పట్టుకుని వచ్చి నా మొహం చూశావు. నేను నోరు తెరిచాను. వచ్చిన మాట అది. ముందుగా అనుకుని చెప్పింది కాదక్కా, ఒట్టు. చెప్పేశాక వెనక్కి తీసుకోవడం చాతకాలేదు.

కానీ నా వైపు నుంచి కూడా ఒక్కసారి ఆలోచించు. నీ దగ్గరుంటే ఏమవుతుంది? దగ్గుమందు చీటీలు కొట్టి కొట్టి ఒక్కో సూదీ అరిగిపోతుంది. ఆ తల పోతే ఇంకో తల దొరకదు. ఇక్కడైతే అద్దాల పెట్టె, దుమ్ము పడదు, ఎండ తగలదు, నూరేళ్లుంటుంది. బావ చేసిన పని లోకం చూస్తుంది. మొన్న ప్రదర్శనశాల పెద్దలొచ్చి మన అక్షరాలు టకటకా పడుతుంటే నిలబడిపోయారు. నేను ఆ అద్దాల పెట్టెలో బావని చూసినట్టు గర్వపడ్డాను.

పేరు సంగతి నీకు ఎవరైనా చెప్పేలోపు నేనే చెబుతాను. పెట్టె మీద అట్టముక్కలో "రూపొందించినవారు: తెలియదు" అని ఉంది. నేను పాతసామాన్లలో దొరికిందని వాళ్లకి చెప్పాను, బావ పేరు రాయిస్తే ఎవరాయన, ఇంట్లోవాళ్లు ఒప్పుకున్నారా అని అడుగుతారు. నీ సంతకం కావాలంటారు. కొన్నాళ్లు పోనీ, మెల్లగా మార్పిస్తాను. ఆ బొమ్మని ఆహ్వానపత్రం మూల మీద వేద్దామని వాళ్లన్నారు, నేను ఇంకా ఏమీ చెప్పలేదు.

ఇంకొకటి, సిగ్గు విడిచి అడుగుతున్నాను. ఇక్కడి కొత్త కంప్యూటరుకి కుదురుతుందేమోనని ఆ తెల్ల స్విచ్చులు అటూ ఇటూ మార్చి చూశాను. ముందు ఎలా ఉన్నాయో రాసుకోలేదు. తొందర్లో ఉన్నాను. అప్పటి నుంచీ అన్నీ ఇంగ్లీషు అక్షరాలే పడుతున్నాయి. స్విచ్చులు ఎన్ని రకాలుగా పెట్టినా, బొత్తాలు ఎలా పట్టుకున్నా మన అక్షరాలు రావడం లేదు. ఈ నెలాఖరుకే ప్రారంభం. అందరి ముందూ స్విచ్ వేసి అది పలక్కపోతే నా పరువు గంగలో కలుస్తుంది, గది కూడా చేజారుతుంది.

నువ్వే రా అక్కా. ముందువరసలో కుర్చీ వేయిస్తాను. నీ చేత్తోనే మొదలుపెట్టించుకుంటాను. రాలేకపోతే ఆ స్విచ్చుల వరస, ఆ బొత్తాల తంతు రాసి పంపు. నన్ను తిట్టు, కొట్టు, మాట్లాడటం మాత్రం మానెయ్యకు.

నీ నట్టు

* * *

జూన్ 14

ప్రింటర్ల గది నిర్వాహకులు గారికి,

మీ ఉత్తరం అందింది. మీరు అడిగిన వివరాలు కింద రాస్తున్నాను.

మిషను వెనక ఎనిమిది తెల్ల స్విచ్చులున్నాయి. ఎడమ నుంచి మూడోదీ, ఆఖరుదీ పైకి ఉండాలి. మిగిలినవన్నీ కిందికి. స్విచ్చులు కదిపినప్పుడల్లా, కాగితం ఎక్కించి, పక్కనున్న రెండు బొత్తాలూ ఒకేసారి నొక్కిపట్టుకుని కరెంటు వెయ్యాలి. తల ఎడమ గోడకి వెళ్లి రెండుసార్లు తగులుతుంది. ఒకసారికే వదిలేస్తే ఇంగ్లీషులోకి పోతుంది. తొందరపడేవాళ్లకి అక్కడే తప్పుతుంది. రెండోసారి తగిలాక వదిలితే మన అక్షరాలు వస్తాయి. అరగంటకి ఒకసారి విశ్రాంతి ఇవ్వండి, తల వేడెక్కుతుంది. రిబ్బను మీద నూనె చెయ్యి వెయ్యకండి.

బేరమాడటానికి ఇది దాచిపెట్టుకుంటానని మీరు భయపడి ఉంటారు. నాకు కూడా ఆ ఆలోచన రాకపోలేదు. కానీ ఆయన అక్షరాలు పదిమంది మధ్య మూగగా నిలబడటం నాకు ఇష్టం లేదు. మిషనును మీరే ఉంచుకోండి. నేను దానికోసం రాను. కుర్చీ ఇంకెవరికైనా వేయించండి.

అట్టముక్క మార్పించనక్కర్లేదు. "తెలియదు" అని రాశారుగా, అలాగే ఉండనివ్వండి. ఆయన ఎవరో మీకు నిజంగానే తెలియదు. చివరి మీట మాత్రం ఎవరికీ నొక్కి చూపించకండి. ఆహ్వానపత్రం మీద వెయ్యకండి. అది మీ సేకరణలోది కాదు, నా ఇంట్లోది.

ఇక నా సంగతి. ఇది మీకు రాయాల్సిన అవసరం లేదు, అయినా రాస్తున్నాను. నేను అడిగింది మిషను బాగుచెయ్యమని కాదు. ఉందా, పోయిందా, ఒక్క మాట చెప్పమన్నాను. మీరు పోయిందన్నారు. ఉంది. ఆసుపత్రి వరండాలో కూడా నాకు మొదట చెప్పింది మీరే. అదే మాట, అదే గొంతు, అలాగే నా చెయ్యి పట్టుకుని. ఆయన్ని నేను కళ్లారా చూశాను, సాగనంపాను, అన్నీ తెలుసు. నాకు మతి పోలేదు. అయినా మీ ఉత్తరం వచ్చిన దగ్గర నుంచీ గుమ్మం దగ్గర చెప్పుల చప్పుడైతే తల తిప్పుతున్నాను. ఆ మాట కూడా అబద్ధమేనేమోనని. ఇన్నాళ్లు పట్టింది నాకు ఆ గుమ్మం వైపు చూడకుండా పని చేసుకోవడానికి. దాన్ని కూడా మీరు పట్టుకుపోయారు.

చేత్తో రాయబుద్ధి కాక ఈ ఉత్తరం మీరు పంపిన ప్రింటరు మీద తీశాను. అక్షరాలు నునుపుగా ఉన్నాయి, చదవడానికి మీకు ఇబ్బంది ఉండదు.

ఇట్లు,
ఆ మిషను చేసినాయన భార్య